సింక్ కింద నీళ్లు కారుతున్నాయా? పానా అప్పుడే తీయకండి

బెంగళూరు మారతహళ్లిలో మా అద్దె ఇంట్లో సింక్ కింద పెట్టిన ఉల్లిపాయల బుట్ట తడిసేదాకా లీకు సంగతి మాకు తెలియలేదు. కంగారులో పానా పట్టుకుని కనబడ్డ నట్టల్లా బిగించాను. ప్లాస్టిక్ నట్ కదా, పగిలింది. ఒక లీకు రెండయ్యింది.

ముందు అర ఖాళీ చేసి, పైపులు పొడిగుడ్డతో తుడిచి, కింద న్యూస్‌పేపర్ పరచండి. పేపర్ తడిసిన చోట లీకు ఉండాలని లేదు. నీళ్లు పైపు వెంట జారి ఎక్కడో పడతాయి. టిష్యూతో పై నుంచి ఒక్కో జాయింటూ ఒత్తుతూ రండి. మొదట ఎక్కడ తడి తగిలితే లీకు అక్కడే.

సింక్ వాడకపోయినా కారుతోందా? అయితే తప్పు డ్రైన్‌ది కాకపోవచ్చు. కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు, గోడకుండే చిన్న వాల్వ్ (యాంగిల్ కాక్), వాటర్ ప్యూరిఫయర్ వేస్ట్ ట్యూబ్ చూడండి.

సింక్ రంధ్రం మూసి నీళ్లు నింపండి. నిలిచి ఉన్నప్పుడే కారితే, జాలీ ఉండే వేస్ట్ కప్లింగ్ దగ్గర వాషర్ పోయినట్టు. మా ఇంట్లో అసలు జబ్బు ఇదే. కప్లింగ్ విప్పితే బోరు నీళ్ల గార తెల్లగా పేరుకుని, రబ్బరు ఎండి బిళ్లలా ఉంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట ఉంచి గార గీకేయండి. పాత వాషర్ పట్టుకెళ్లి అదే సైజు కొత్తది తెచ్చుకోండి. సింక్ అంచు బాగా ఆరాక సన్నగా సిలికాన్ రాసి, కప్లింగ్ బిగించి, 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. ఆ ఒక్కరోజు గిన్నెలు బాత్రూంలో తోముకోవాల్సిందే.

నింపిన నీళ్లు వదిలాకే కారితే కింది నట్ గానీ, ముడతల పైపు గానీ కారణం. నట్ విప్పి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి, చేత్తోనే బిగించండి. పైపు చిట్లితే మార్చేయడమే. ఎం-సీల్ పూసినా పైపు కదిలినప్పుడల్లా ఊడొస్తుంది. కొత్త పైపు కొనేముందు పాతది 32 మిల్లీమీటర్లో 40 మిల్లీమీటర్లో చూసుకోండి. మరిగే గంజి నేరుగా సింక్‌లోకి వార్చే అలవాటుంటే మానుకోండి, ఆ వేడికి ఈ పైపులు మెత్తబడతాయి.

నీళ్లు నేల మీదికి పొంగుతుంటే అది లీకు కాదు, పైపులో ఏదో అడ్డుపడినట్టు. సింక్ కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ ఉంటే దాని కింద బకెట్ పెట్టి విప్పి, జిడ్డు తీసేయండి. విప్పబోయే ముందు డ్రైన్ క్లీనర్ మాత్రం పోయకండి, చేతుల మీద పడితే కాలుతుంది.

అంతా అయ్యాక సింక్ రెండుసార్లు నింపి వదిలి, రాత్రంతా కొత్త పేపర్ పరిచి ఉంచండి. పొద్దున పొడిగా ఉంటే సామాన్లు సర్దుకోవచ్చు. మా ఉల్లిపాయలు మాత్రం బాల్కనీకి మారిపోయాయి.