గోదురు కప్ప గడప దాటి వస్తే

మా ఇల్లు అడవివరంలో, సింహాచలం కొండకి దగ్గర. తొలి వానలు పడ్డాయంటే చాలు, వరండా లైటు కింద రాలే పురుగుల కోసం ఓ గోదురు కప్ప వచ్చి కూర్చుంటుంది. దాన్ని తరమడానికి ఉప్పు జల్లే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఉప్పు పడితే ఒంట్లో నీరంతా లాగేసి ప్రాణం మీదికి వస్తుంది. చీపురుతో మెల్లగా చాటలోకి తోసి, పెరట్లో కుండీల పక్కన వదిలేయండి. రాత్రంతా చీమలు, చెదలు, బొద్దింకలు తినిపెడుతుంది.

ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది ఉత్తమాట. కానీ కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులుంటాయి చూడండి, వాటిలోంచి పాలలాంటి విషం కారుతుంది. చేతికి తగిలితే సబ్బుతో కడుక్కోండి, ఈలోగా కళ్లు నలపకండి. అసలు టెన్షన్ కుక్కలతోనే. మా కుక్కగాడు ఒకసారి కప్పని నోట కరిచి నురగలు కక్కాడు. తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా పక్కనుంచి పోస్తూ నోరు కడిగి, డాక్టరు దగ్గరికి పరిగెత్తాం.

ఇంకోటి. నీళ్లగుంటలో నల్లపూసల దండలాంటి జిగురు తాళ్లు కనిపిస్తే అవి దీని గుడ్లే. మామూలు కప్పలు చాలావరకు ముద్దగా పెడతాయి. ప్రపంచంలో ఈ కుటుంబంవి 600కి పైగా జాతులున్నాయి, టాంజానియాలో కొన్నయితే ఏకంగా పిల్లల్నే కంటాయి. మన పెరటిదాన్ని గుర్తుపట్టడం తేలిక: తలమీద కాటుక గీసినట్టు నల్లటి గట్లు, వేళ్ల చివర్లూ నలుపే.