డిజైన్ సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ ఆపే ముందు జాగ్రత్తలు

నెలనెలా కట్టలేక, ఒక్కసారి కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌కు మారుదామనుకుంటున్నారా? క్యాన్సిల్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• ప్లాన్ పేరు సరిగ్గా చదవండి. డబ్బు నెలకోసారి కడుతున్నా ఒప్పందం ఏడాదిది కావచ్చు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీలో అలాంటి ప్లాన్‌ను 14 రోజులు దాటాక ఆపితే, మిగిలిన నెలల సొమ్ములో సగం అడుగుతారు. ఈ రుసుమును కనిపించకుండా పెట్టారనే 2024లో వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ సిఫారసుతో అమెరికా ప్రభుత్వం కేసు వేసింది.

• అన్నిటికంటే ముఖ్యం మీ పాత ఫైళ్లు. అవి కంప్యూటర్‌లోనే ఉంటాయి, కానీ తెరిచే ప్రోగ్రామ్ ఉండదు. అది పనిచేస్తుండగానే ఇన్‌డిజైన్ (అడోబీ పేజీల డిజైన్ ప్రోగ్రామ్) ఫైళ్లను ఐడీఎంఎల్‌గా (వేరే ప్రోగ్రాముల్లోనూ తెరిచి మార్చుకోగల రకం), పీడీఎఫ్‌గా రెండు రకాలుగా సేవ్ చేయండి. నేను పీడీఎఫ్ ఒక్కటే దాచుకున్నాను. తర్వాత గుడి సావనీర్‌ను కొత్త దాతల పేర్లతో మళ్లీ వేయాల్సి వచ్చి, 48 పేజీలూ మొదటినుంచి పేర్చాను. రెండు రాత్రులు నిద్ర లేదు.

• సబ్‌స్క్రిప్షన్‌తో వచ్చిన ఫాంట్లు దానితోనే పోతాయి. లోగోల్లో అక్షరాలను ముందే అవుట్‌లైన్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా మార్చండి.

• క్లౌడ్‌లో ఉన్నవి డౌన్‌లోడ్ చేసుకోండి.

• శాశ్వత లైసెన్స్ కొనేటప్పుడు మీ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ చూడండి. 2019లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ కాటలీనా వచ్చాక, డబ్బిచ్చి కొన్న పాతతరం 32-బిట్ సాఫ్ట్‌వేర్ కూడా అందులో తెరుచుకోలేదు. లైసెన్స్ కీ, బిల్లు, ఇన్‌స్టాలర్ మూడూ వేరే డ్రైవ్‌లో దాచండి.