కారు బ్యాటరీకి కిల్ స్విచ్ బిగించడం ఎలా?

ఇంజిన్ ఆపి తాళంచెవి తీసినా గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. ఇక 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఏం మిగులుతుంది? నెలల తరబడి కదలని బండికి కిల్ స్విచ్, అంటే బ్యాటరీని బండి నుంచి పూర్తిగా విడదీసే స్విచ్, పెట్టుకోమనేది అందుకే.

చాలా కార్లకు 10వ నంబరు స్పానర్, తీగల బ్రష్షు, కాస్త పెట్రోలియం జెల్లీ ఉంటే చాలు. స్విచ్ మాత్రం బ్లేడు పైకి లేపే రకమే కొనాలి. గుండ్రటి బిరడా తిప్పే రకంలో అది వదులైందో లేదో పైకి తెలియదు. బ్లేడు లేచి ఉంటే నాలుగడుగుల దూరం నుంచే కనిపిస్తుంది.

ఇంజిన్ ఆపండి. ఉంగరం, చేతి గడియారం తీసి పక్కన పెట్టండి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ముందు విప్పాల్సింది మైనస్ తీగ. కారు బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ప్లస్ బోల్టు తిప్పుతుండగా స్పానర్ రెండో కొన బాడీకి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఆ ఇనుప ముక్క గుండా పారుతుంది. అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ ఆ నిప్పురవ్వకు అంటుకుంటే బ్యాటరీయే పేలవచ్చు. మైనస్ విప్పుతున్నప్పుడు స్పానర్ బాడీకి తగిలినా ఏమీ కాదు. స్విచ్‌ను మైనస్ వైపే పెట్టమనేదీ ఇందుకే. ప్లస్ తీగను క్యాబిన్ దాకా లాగి అక్కడ స్విచ్ పెట్టేవారున్నారు. అంత పొడవు తీగ ఎక్కడ ఒరుసుకున్నా మంటే. ఆ పని చేయవద్దు.

బ్యాటరీ మైనస్ కొమ్ము (తీగ బిగించే సీసపు మొన) దగ్గర లావు తీగతో పాటు సన్న తీగ కూడా ఉందేమో చూడండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లావు తీగను స్విచ్‌కు మార్చి, సన్నదాన్ని కొమ్ముకే వదిలేస్తారు. అప్పుడు స్విచ్ తీసినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఎవరైనా పొరపాటున స్టార్ట్ చేస్తే స్టార్టర్ మోటారుకు పోవలసిన కరెంటంతా ఆ సన్న తీగ మీదే పడుతుంది. అలా మాడిపోయిన తీగలను ఎన్నిసార్లు మార్చానో! మైనస్ తీగలన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, స్విచ్ రెండో వైపుకు చేరాలి. కొత్త కార్లలో మైనస్ క్లాంపుకే బ్యాటరీ స్థితిని కొలిచే సెన్సర్ ఉంటే దాన్ని విప్పి పారేయకండి. స్విచ్ కొమ్ముకూ సెన్సర్‌కూ మధ్యలో రావాలి.

కొమ్మును మెరిసేలా రుద్ది స్విచ్ బిగించండి. చేత్తో తిప్పితే ఇసుమంతైనా కదలకూడదు. వదులుగా ఉంటే వేడెక్కుతుంది. కొమ్ము సన్నగా ఉంటే దానికోసం అమ్మే తొడుగు వేయండి, రేకు ముక్కలు దూర్చకండి. పైన జెల్లీ రాయండి.

బ్లేడు లేపితే దీపాలు ఆరిపోవాలి, దించితే ఇంజిన్ స్టార్ట్ కావాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్లేడు ఎప్పుడూ లేపకండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగసి దాని డయోడ్లను, కంప్యూటర్‌ను కాల్చేయవచ్చు.

చివరగా స్విచ్ మీద మట్టి ముద్ద పెట్టి బానెట్ మెల్లగా మూసి తెరవండి. ముద్ద పూర్తిగా అణిగిపోతే స్విచ్ బానెట్‌కు తగులుతున్నట్టే. దాన్ని పక్కకు తిప్పి మళ్లీ బిగించాలి.