పాత ఫోర్ట్రాన్ కోడ్‌ను కొత్త కంపైలర్‌కి మార్చేటప్పుడు రీడ్ ఫార్మాట్లను ఎలా సరిచూసుకోవాలి?

పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ జీఫోర్ట్రాన్‌లో (ఉచితంగా దొరికే ఫోర్ట్రాన్ కంపైలర్) ఎర్రర్ లేకుండా కంపైల్ అయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. అదే డేటా ఫైల్, అదే రీడ్ స్టేట్‌మెంట్, అయినా లోపలికి వేరే అంకె వెళ్లొచ్చు. ఎర్రర్ వస్తే వెతికి పట్టుకోవచ్చు. తప్పు అంకె మాత్రం చడీచప్పుడు లేకుండా లెక్కలన్నిటిలోకీ చేరిపోతుంది.

1. కోడ్‌ను ముట్టుకోకముందే పాత డేటా ఫైళ్లను, వాటికి అప్పట్లో వచ్చిన ఫలితాలను భద్రం చేసుకోండి. పాత కంపైలర్ ఇంకా నడుస్తుంటే, ప్రతి రీడ్ తర్వాత ఒక ప్రింట్ పెట్టి చదివిన విలువలను ఫైల్‌లోకి తీసుకోండి.

2. తర్వాత ఖాళీల సంగతి చూడండి. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి. ఐ5 ఫార్మాట్‌తో (అంటే ఐదు కాలమ్‌ల పూర్ణాంకంగా) చదివే చోట 12 పక్కన మూడు ఖాళీలు ఉన్నాయనుకోండి. ఫోర్ట్రాన్ 66 నియమం ప్రకారం ఖాళీ అంటే సున్నా, కాబట్టి అది 12000. ఫోర్ట్రాన్ 77లో ఓపెన్ స్టేట్‌మెంట్‌తో తెరిచిన ఫైల్‌కి, వేరే ఏమీ చెప్పకపోతే, ఖాళీలను వదిలేస్తారు, కాబట్టి అది 12. ఓపెన్ లేకుండా నేరుగా వాడే యూనిట్ల (రీడ్‌లో ఫైల్‌ని సూచించే నంబర్ల) విషయంలో ఏం చేయాలన్నది కంపైలర్ ఇష్టానికే వదిలేశారు. రియల్ నంబర్లకైతే ఇది ఇంకా టెన్షన్ పెడుతుంది: 1.5ఈ2 తర్వాత ఒక్క ఖాళీ సున్నాగా మారితే ఘాతం 2 కాస్తా 20 అవుతుంది.

పాత కోడ్ సున్నా పద్ధతి మీద ఆధారపడిందని తేలితే ఓపెన్‌లో బ్లాంక్‌ను 'జీరో' అని పెట్టండి, లేదా ఫార్మాట్ మొదట్లో బీజెడ్ (ఖాళీలను సున్నాలుగా చదవమనే గుర్తు) రాయండి. కాకపోతే బీఎన్ (ఖాళీలను వదిలేయమనే గుర్తు) రాయండి. ఏదో ఒకటి స్పష్టంగా రాయడమే మంచిది; డిఫాల్ట్‌ను నమ్ముకోవద్దు.

3. ఫార్మాట్లలో డెక్ (పాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) కంపైలర్ల అలవాట్లను వెతకండి. వెడల్పు చెప్పకుండా ఉత్త ఐ, ఎఫ్ రాసి ఉంటే జీఫోర్ట్రాన్‌కి డెక్-ఫార్మాట్-డిఫాల్ట్స్ ఆప్షన్ ఇవ్వాలి. వెడల్పు తెలిస్తే కోడ్‌లోనే రాసేయడం ఇంకా మేలు. కోణపు బ్రాకెట్లలో వేరియబుల్ పెట్టిన ఫార్మాట్‌ను ఇంటెల్ కంపైలర్ తీసుకుంటుంది, జీఫోర్ట్రాన్ తీసుకోదు. అక్కడ ఫార్మాట్‌ను ముందుగా ఒక క్యారెక్టర్ వేరియబుల్‌లోకి రాసుకుని వాడాలి.

4. ఇక డేటా ఫైల్. ట్యాబ్ ఉంటే కాలమ్‌లు జరిగిపోతాయి, వాటిని ఖాళీలుగా మార్చండి. ఫీల్డ్ మధ్యలో కామా వస్తే అక్కడితో ఆగడం చాలా కంపైలర్లు ఇచ్చే సదుపాయమే కానీ స్టాండర్డ్ ఇచ్చే హామీ కాదు. లైన్ పొట్టిగా ఉంటే ఫోర్ట్రాన్ 90 నుంచి డిఫాల్ట్‌గా మిగతా భాగాన్ని ఖాళీలతో నింపుతారు. ఫోర్ట్రాన్ 77 నియమాల ప్రకారం అలాంటి రీడ్ అసలు చెల్లదు. ఎఫ్8.3తో (ఎనిమిది కాలమ్‌లు, చుక్క తర్వాత మూడు అంకెలు) ఫీల్డ్ కుడి చివరకు సర్ది రాసిన, చుక్క లేని 12345 చదివితే ఏ కంపైలర్‌లోనైనా 12.345 వస్తుంది, దాన్ని బగ్ అనుకుని దిద్దకండి.

5. చివరగా ఇలాంటి చిక్కు లైన్లతో ఒక చిన్న టెస్ట్ ఫైల్ రాసి, రెండు కంపైలర్లలోనూ చదివించి, ఫలితాలను డిఫ్‌తో (రెండు ఫైళ్ల తేడాలు చూపే టూల్) పోల్చండి. లైన్‌ను ముందు క్యారెక్టర్ వేరియబుల్‌లోకి తీసుకుని, అందులోంచి అంకెలు చదివితే తప్పు ఏ లైన్‌లో ఉందో కూడా ప్రింట్ చేయొచ్చు. అయితే అలా చదివేటప్పుడు ఓపెన్‌లో పెట్టిన బ్లాంక్ సెట్టింగ్ పనిచేయదు, ఖాళీలను వదిలేస్తారు. సున్నాలు కావాలంటే ఆ ఫార్మాట్‌లోనే బీజెడ్ ఉండాలి.