ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి అత్యవసర సహాయం: ముందుగానే చేయవలసిన ఏర్పాట్లు

పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడి, తల్లిదండ్రులు మాత్రం సొంత ఊరిలో, సొంత ఇంట్లోనే ఉండే కుటుంబాలు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో పెద్దవారికి హఠాత్తుగా ఏదైనా జరిగితే, ఎంత పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళారన్న దానికంటే ముందు, ఆ సంగతి మరొకరికి ఎంత త్వరగా తెలిసింది, ఆ వచ్చినవారు తలుపు తీసుకుని లోపలికి ఎంత త్వరగా రాగలిగారు అన్నదే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అందుకే ఏర్పాట్లు ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి బయటికి విస్తరించుకుంటూ పోవాలి.

మొదటి ఏర్పాటు మనిషి. పది నిమిషాల్లో నడిచి రాగలిగిన ఇద్దరిని ఎంచుకోండి. ఒకరే ఉంటే వారు ఊరికి వెళ్ళిన రోజున ఏ ఆసరా ఉండదు. పక్కింటివారు, ఎదురింటివారు, అదే వీధిలోని బంధువులు, అపార్టుమెంటు అయితే వాచ్‌మన్ కుటుంబం, ఎవరైనా కావచ్చు. కానీ వారిని స్వయంగా కలిసి అడగాలి, ఇంటి తాళంచెవి ఒకటి వారి దగ్గర ఉంచాలి. తాళంచెవి ఇచ్చినంత మాత్రాన సరిపోదు. రాత్రి పడుకునే ముందు లోపలి నుంచి గడియ వేసుకోవడం మన పెద్దవారికి అలవాటు కనుక, బయటి నుంచి తాళంచెవితో తీయగలిగే తాళం తలుపుకు పెట్టించి, గడియకు బదులు దాన్నే వాడమని వారిని ఒప్పించాలి. గ్రిల్ గేటుకు లోపలి వైపు వేసే తాళం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. స్నానాల గదిలో గడియ తీసివేయించడం, లేదా బయటి నుంచి తెరవగలిగేది పెట్టించడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే తడి నేల మీద జారిపడే ప్రమాదం అక్కడే ఎక్కువ. ఆ తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడిపోయిన మనిషే దానికి అడ్డుగా ఉండే ప్రమాదం ఉంది. వీలైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి.

తరువాత ఫోన్ నంబర్లు. ఉచిత అంబులెన్సుకు 108. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలన్నిటికీ కలిపి 112. వయోవృద్ధుల కోసం 14567 అనే ఎల్డర్ లైన్ ఉంది. పింఛను, చట్టపరమైన సందేహాలు, వేధింపులు, ఒంటరితనం వంటి విషయాలలో అది సహాయపడుతుంది. అయితే అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేసే సేవ కనుక, గుండెనొప్పి వచ్చినప్పుడు చేయవలసిన నంబరు అది కాదని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

విదేశాలలో ఉన్న పిల్లలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కంగారులో అమ్మ ముందుగా ఫోన్ చేసేది మీకే. న్యూజెర్సీ నుంచి 108 నొక్కితే మన అంబులెన్సు కేంద్రానికి కలవదు. అందువల్ల తాళంచెవి ఉన్న ఇద్దరి నంబర్లు, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగం నంబరు, ప్రైవేటు అంబులెన్సు నంబరు, స్థానిక పోలీసు స్టేషన్ నంబరు, అన్నీ పూర్తి అంకెలతో మీ ఫోన్‌లో ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ముందు 108కి గాని పక్కింటికి గాని చేసి, ఆ తరువాతే మీకు చేయమని వారికి పదేపదే చెప్పాలి.

ఈ నంబర్లతో పాటు, 108కి ఫోన్ చేసినవారు ఏం చెప్పాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన గోడకు అంటించండి: ఇంటి నంబరు, వీధి, దగ్గరలోని గుడి లేదా బడి వంటి గుర్తు, ఎన్నో అంతస్తు, లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో. అవతలివారు చాలని చెప్పేవరకు ఫోన్ పెట్టేయకూడదు. ఒకరిని వీధి మొదట్లో నిలబెడితే వాహనం ఇల్లు వెతుక్కోనక్కరలేదు.

ఏది అత్యవసరమో గుర్తించడంలోనే మన ఇళ్ళలో విలువైన సమయం పోతుంది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి చూడటం, ఆర్‌ఎంపీని పిలిచి ఇంజెక్షన్ చేయించి తెల్లవారే దాకా ఆగడం ప్రాణాంతకం కావచ్చు. మధుమేహం ఉన్నవారికి, ముఖ్యంగా ముసలివారికి, నొప్పి లేకుండా ఆయాసమో నీరసమో మాత్రమే ఉండి కూడా గుండెపోటు రావచ్చు.

మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతానికి గుర్తులు. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వగలరు. దానికి ముందు సీటీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. కాబట్టి మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయం ఎంతో డాక్టరుకు చెప్పగలగాలి, సీటీ స్కాన్ ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోవాలి. ఇలాంటప్పుడు ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నోట్లో నీళ్ళు కూడా పోయకూడదు.

షుగరు మందులు వాడేవారికి వణుకు, చెమట, తికమక కనిపిస్తే షుగరు పడిపోయి ఉండవచ్చు. యంత్రంలో 70 కంటే తక్కువ చూపిస్తే, స్పృహలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పెట్టకుండా 108కి చేయాలి.

కిందపడినవారిని ఆదరాబాదరాగా చంకలు పట్టి లేపడం సరికాదు. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగిందని అనుమానించి, కదపకుండా అంబులెన్సు కోసం ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించి తీరాలి. పడిపోయి గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం మరొక ప్రమాదం; కండరాలు దెబ్బతిని దాని ప్రభావం మూత్రపిండాల మీద పడుతుంది.

సహాయానికి పిలిచే పరికరాల విలువ అక్కడే తెలుస్తుంది. మెడలో వేసుకునే మీట, పడిపోతే గుర్తించే గడియారం, స్నానాల గదిలో నేలకు దగ్గరగా తాడుతో ఉండే బెల్లు, ఇవన్నీ ఉపయోగకరమైనవే. నా అభిప్రాయంలో స్నానం చేసేటప్పుడు తీసి పక్కన పెట్టవలసిన పరికరం కొనడం వృథా. తడిసినా పాడవనిదే తీసుకోవాలి. మామూలు ఫోన్ అయినా, అత్యవసర కాల్ వెళ్ళే పద్ధతిని మీరే అమర్చి, వారి చేత నొక్కించి చూడండి.

డబ్బు తీసుకుని సంరక్షణ అందించే సంస్థను కుదుర్చుకునే ముందు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు తీసుకోవడం మంచిది. రాత్రి రెండు గంటలకు మీట నొక్కితే ఎవరు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారా? మనిషిని పంపుతారా, ఫోన్‌లో సలహా మాత్రమే ఇస్తారా? మా పేటకు రావడానికి వారికి ఎంతసేపు పడుతుంది? వారి అంబులెన్సు సొంతమా, వేరేవారిదా? ఆసుపత్రిలో పిల్లలు చేరేవరకు పక్కన ఎవరు ఉంటారు? ఇంట్లో ఉండే అటెండెంటు స్నానం, భోజనం, నడక చూసుకోగలరు. ఇంజెక్షన్లు, పుండ్లకు కట్లు శిక్షణ పొందిన నర్సు పని. ఈ తేడా తెలియకుండా జీతం మాట్లాడుకుంటే తరువాత ఇబ్బంది పడేది మంచంలో ఉన్న మనిషే. పంపే మనిషికి పోలీసు వెరిఫికేషన్ జరిగిందో లేదో తప్పక అడగండి.

ఒక ఫైలులో వాడుతున్న మందుల జాబితా, పడని మందులు, పాత ఈసీజీ, ఆధార్ నకలు, బీమా కార్డు పెట్టి, తాళంచెవి ఉన్నవారికి దాని చోటు చూపించండి. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. దాన్ని ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకుని, మీరు ఎంచుకున్న ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో కనుక్కోండి.

రోజూ పొద్దున ఒక నిర్ణీత సమయానికి ఫోన్ చేసుకోవడం, అరగంటలో జవాబు రాకపోతే పక్కింటివారు వెళ్ళి చూడటం అన్న ఒప్పందం ఖర్చులేనిది. ‘ఏం లేదు నాన్నా, బాగానే ఉన్నాం’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, రాత్రి నిద్ర పట్టిందా, కాళ్ళ వాపు ఉందా, ఎక్కడైనా తూలారా అని విడివిడిగా అడగండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాళంచెవి ఉన్నవారిని పిలిచి తలుపు తీయించి చూడండి, గోడ మీది నంబర్లు పనిచేస్తున్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకుని, మారినవి ఉంటే అక్కడికక్కడే కొత్త కాగితం రాసి అంటించండి.