వేరే కోర్సు వాళ్ళతో హడావిడి ప్రాజెక్ట్: యాడ చెడుతుంది, ఎట్టా బాగు చేసుకోవాలి

నేను నెల్లూరులో పెయింటింగ్ చదువుతుండా, మూడో సంవత్సరం. మా కాలేజీలో కోర్సులన్నీ కలిపి గ్రూపులు వేసి ఒక ప్రాజెక్ట్ ఇస్తారు, టైమ్ మాత్రం ఎప్పుడూ చాలదు. ఈసారి మా గ్రూపులో పెయింటింగ్ నించి ఇద్దరం, యానిమేషన్ నించి ఇద్దరు, డిజైన్ అమ్మాయి ఒకరు, సౌండ్‌కి ఒకబ్బాయి, చేతిలో 12 రోజులు. మేం తీసుకున్న సబ్జెక్ట్ ఉదయగిరి చెక్క గరిటెలు, జీఐ గుర్తింపు (ఈ పని ఫలానా ఊరిదే అని ఇచ్చే గుర్తింపు) ఉన్న పని, మన జిల్లాదే, అయినా మా గ్రూపులో సగం మంది ఎప్పుడూ చూళ్ళేదు. ఒక చిన్న యానిమేషన్ ఫిల్మ్, రెండు పోస్టర్లు చేయాలి. నాలుగు రోజులు కొట్లాటలకే పోయినాయి. వచ్చే ఏడు చేసే జూనియర్లకి ఆ నాలుగు రోజులు మిగలాలని రాస్తుండా. మీకు ఏ ఇబ్బంది వచ్చిందో చూసుకుని ఆ ముక్క చదువుకోండి.

సమస్య: గ్రూపులో అందరూ ఓకే అన్నారు, మూడో రోజుకి ఒక్క పనీ మొదలు కాలేదు

కారణం సోమరితనం అనుకుంటాం, మేం కూడా అట్టనే అనుకుని ఒకరినొకరు అనుకున్నాం. అసలు సంగతి ఏందంటే ప్రతి ఒక్కరూ ఇంకొకరి కోసం కాచుకుని ఉండారు. యానిమేషన్ వాళ్ళు మా బొమ్మల కోసం, మేం కథ కోసం, సౌండ్ అబ్బాయి ఫిల్మ్ ఎంతసేపో తెలిస్తే గానీ ఏం చేయలేడు, డిజైన్ అమ్మాయికి ఒక్క పెయింటింగ్ అయినా చేతికి వస్తే గానీ పోస్టర్ లేదు. ఈ మాట ఎవరూ బయటికి చెప్పలా, ఎందుకంటే ఎవరి కోర్సులో వాళ్ళకి అది చెప్పాల్సిన పని లేదు, అందరికీ తెలిసిందే అనుకుంటారు.

ఏం చేయాలంటే, మొదటి రోజే అరగంట కూర్చోండి. వాట్సాప్‌లో కాదు, ఎదురుబొదురుగా. మేం నాలుగో రోజు సాయంత్రం వీఆర్సీ సెంటర్ దగ్గర టీ కొట్టు ముందు నిలబడి చేశాం ఈ పని, మొదటి రోజు చేసుంటే ఎంత బాగుండేదో. ఒక్కొక్కరూ మూడు మాటలు చెప్పాలి. నేను మొదలు పెట్టాలంటే నా చేతిలో ఏం ఉండాలి, నాకు ఎన్ని రోజులు పడతాది, అయినాక నేను ఎవరికి ఏం ఇస్తాను. అది ఒక పేపర్ మీద రాసి, సబ్మిషన్ రోజు నించి వెనక్కి లెక్క వేసుకుంటా రండి. మాకు అట్టా వేస్తే తేలిందేందంటే పెయింటింగ్‌లు ఐదో రోజుకి అయిపోవాల, మేమేమో తొమ్మిదో రోజు దాకా టైమ్ ఉందనుకుని నింపాదిగా ఉన్నాం.

సమస్య: మీరు ప్రాణం పెట్టి బొమ్మ వేస్తే యానిమేషన్ వాళ్ళు ఇది కుదరదు అంటారు

ఇది నాకు బాగా నొప్పి తగిలిన చోటు, అందుకే కాస్త ఎక్కువ చెప్తా.

నేను గరిటె నున్నగా చేస్తా కూర్చున్న ఒక పెద్దామెని వేశాను, ఆమెకి వెంకటగిరి చీర కట్టించా (వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా మన ఊరి చీరే), అంచు మీద జరీ, ఒళ్ళంతా చిన్న చిన్న బుటాలు, ఆ బుటాలకే ఒక రాత్రి పట్టింది. తీసుకెళ్ళి చూపిస్తే యానిమేషన్ అబ్బాయి కాసేపు గమ్మున ఉండి, అక్కా ఈ బుటాలు ప్రతి బొమ్మలో నేను వేయాలి కదా అన్నాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత అతను పేపర్ మీద లెక్క వేసి చూపించాడు. సెకనుకి 24 ఫ్రేములు (తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే నిలబడ్డ బొమ్మలు), ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు పెట్టినా సెకనుకి 12 బొమ్మలు. మేం అనుకున్న ఫిల్మ్ రెండు నిమిషాలు, అంటే 120 సెకన్లు, 1440 బొమ్మలు. గీసేది ఇద్దరు, మిగిలింది ఏడు రోజులు, మనిషికి రోజుకి వందకి పైనే. అందులో ఒక్కో చీరకి అరవై బుటాలు. ఇంక నేనేం మాట్లాడతాను.

కారణం ఇక్కడ ఎవరి తప్పూ కాదు. పెయింటింగ్‌లో ఒక బొమ్మ ఒక్కసారే వేస్తాం, ఎంత పని పెడితే అంత విలువ. వాళ్ళకి ప్రతి గీతకీ వందల రెట్లు పని. ఈ తేడా తెలియకుండా మొదలు పెడితే ఎవరో ఒకరి పని చెత్తబుట్టలోకి పోతాది.

సరి చేసుకునే దారి: బ్రష్ పట్టే ముందు ఎన్ని బొమ్మలు గీయగలరో వాళ్ళని అడగండి, ఫిల్మ్ ఎంతసేపు ఉండాలో ఆ అంకె చెప్తాది, మన ఆశ కాదు. మేం రెండు నిమిషాలని 50 సెకన్లకి దించాం, 600 బొమ్మలు, అందులో కూడా సగానికి పైగా ఒకే బొమ్మ నిలబడి ఉండేవి లేదా అదే కదలిక తిరిగి తిరిగి వచ్చేవి. పెద్దామె మొత్తం కదలదు, ఆకురాయి పట్టుకున్న చెయ్యి ఒక్కటే ముందుకీ వెనక్కీ పోతాది, కింద పొట్టు రాలుతుంది. చీర కదలదు కాబట్టి బుటాలు ఉండిపోయినాయి! నిజం చెప్తుండా, మొత్తం కదిలే దానికంటే ఆ ఒక్క చెయ్యి కదిలేదే బాగుంది, చూసేవాళ్ళ కన్ను నేరుగా గరిటె మీదకి పోతుంది.

ఇంకో ముఖ్యమైనది, బొమ్మని ఒకే జేపెగ్‌గా ఇవ్వకండి. వెనక గోడ వేరే, మనిషి వేరే, కదిలే చెయ్యి వేరే, చేతిలో వస్తువు వేరే లేయర్లలో ఇవ్వాలి, చెయ్యి తీస్తే దాని వెనక ఖాళీ కనపడకుండా అక్కడ కూడా చీర వేసి ఉంచాలి. కాగితం మీద వేసేవాళ్ళయితే ఆ ముక్కలు విడి కాగితాల మీద వేసి స్కాన్ చేయండి.

సమస్య: పోస్టర్ మీద తెలుగు విడిపోయింది

మా పోస్టర్ మీద పెద్దక్షరాల్లో ఉండాల్సింది "చెక్క". వేరే ల్యాప్‌టాప్‌లో తెరిస్తే "చెక్‌క" అని వచ్చింది, కావత్తు కిందకి పోకుండా పక్కన ఇంకో క అయి కూర్చుంది. చూసినోళ్ళు తప్పు రాశారనుకుంటారు, అంత కష్టపడి చేసిన పోస్టర్ మీద మన భాష అట్టా ఉంటే కడుపు తరుక్కుపోతాది.

రెండు వేరే వేరే కారణాలు ఉంటాయి, ముందు ఏదో తేల్చుకోండి. వత్తులు, గుణింతాలు విడిపోతే అది ఫోటోషాప్ సెట్టింగ్. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటే అది ఎంచుకోండి, పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటాది, అంతకుముందే టైప్ చేసిన టెక్స్ట్‌కి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా మార్చాలి. అట్టా కాకుండా తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్స్‌లో కొట్టిన మేటర్, యూనికోడ్ (ఏ కంప్యూటర్లో అయినా ఒకేలా చదవబడే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది చదవబడదు. ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ అను వాడేవాళ్ళు చాలా మంది ఉండారు, వాళ్ళకి అలవాటు, వాళ్ళని తప్పు పట్టే పని లేదు. మీరు మాత్రం మొదటి నించీ యూనికోడ్‌లోనే పోండి, మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి.

షాపుకి ఇచ్చేటప్పుడు అక్షరాలని అవుట్‌లైన్స్‌గా (అంటే టైప్ చేసిన అక్షరం కాకుండా గీసిన ఆకారంగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, అప్పుడు ఎవరి కంప్యూటర్‌లో అయినా మారదు. కానీ మార్చాక అచ్చుతప్పు దిద్దలేరు, అందుకని మార్చకముందు ఇంకొకరితో పైకి చదివించండి, టెక్స్ట్ ఉన్న కాపీ ఒకటి దాచుకోండి.

సమస్య: ఫోన్‌లో మెరిసిన రంగు ప్రింట్‌లో చచ్చిపోయింది

స్క్రీన్ రంగు వెలుతురుతో వస్తాది, ప్రింట్ రంగు ఇంకుతో, ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) ఉన్న కొన్ని ఆకుపచ్చలు, నీలాలు సీఎంవైకేలో (ప్రింట్ ఇంకుల పద్ధతి) లేవు, నీలం ఊదా వైపుకి పోతాది. ఏ త్రీ పోస్టర్ అయితే 300 డీపీఐకి 3508 బై 4961 పిక్సెళ్ళు పెట్టుకుని, చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగ్‌కి ఎక్కువ వదలండి. అదే షాపులో, అదే పేపర్ మీద ఒక ఏ ఫోర్ ముక్క ముందు తీయించి చూడండి. అంతే.

సమస్య: సౌండ్ మొదట్లో సరిపోతుంది, పోను పోను వెనకబడతాది

ఉదయగిరి పోయినప్పుడు (నెల్లూరు నించి ఆత్మకూరు మీదగా బస్సు, పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేయొచ్చు) బాడిసతో చెక్కే చప్పుడు ఫోన్‌లో వీడియోతో పాటు తీశాం, రికార్డర్‌లో కూడా తీశాం. రెండూ కలిపితే మొదటి దెబ్బ సరిగ్గా పడింది, చివరికొచ్చేసరికి చెయ్యి పడ్డాక చప్పుడు వస్తుంది. కారణం ఫోన్. ఫోన్ చాలాసార్లు ఒకే వేగంలో ఫ్రేములు తీయదు, వెలుతురుని బట్టి మారుస్తాది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ (ఫ్రేముల వేగం మారకుండా ఉండే సెట్టింగ్) పెట్టి మార్చుకున్నాక ఎడిటింగ్‌లోకి తీసుకోండి. అందరూ వీడియోకి 24 ఫ్రేములు, సౌండ్‌కి 48 కిలోహెర్ట్జ్ అని ముందే మాట అనుకోండి. షూటింగ్ మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే కలపడం సులువు.

ఇంకోటి, ఫిల్మ్ ఎడిటింగ్ పూర్తయ్యాకే సౌండ్ అబ్బాయికి ఇవ్వండి. ఇచ్చినాక అర సెకను తీసేసినా అతను పెట్టిన సౌండ్ మొత్తం పక్కకి జరిగిపోతాది. మేం రెండుసార్లు అట్టా చేశాం, రెండోసారి అతను ఏమీ అనకుండా మళ్ళీ మొదటి నించి కూర్చున్నాడు, ఆ రోజు నాకు చాలా బాధేసింది.

సమస్య: ఒకరు ఫోన్ ఎత్తరు, గ్రూపులో పలకరు

తిట్టకముందు విడిగా అడగండి. మా గ్రూపులో కావలి నించి రోజూ ట్రైన్‌లో వచ్చే అమ్మాయి సాయంత్రం మీటింగ్‌లకి ఉండేది కాదు, పట్టించుకోవట్లేదు అని అందరం అనుకున్నాం. ట్రైన్ తప్పితే ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, పైగా ఆమె ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌ది, ఫైల్ తెరిస్తేనే ఆగిపోతుంది. అది అందరి ముందు చెప్పడానికి ఆమెకి ఎట్టా ఉంటుంది చెప్పండి. మీటింగ్‌లు మధ్యాహ్నం అన్నం టైమ్‌కి మార్చాం, పెద్ద ఫైళ్ళు కాలేజీ ల్యాబ్‌లో చేసేట్టు, పోస్టర్ మాటలు ట్రైన్‌లో ఫోన్‌లోనే రాసేట్టు పంచుకున్నాం. పోస్టర్ మీద మాటలన్నీ ఆమెవే, అందరికంటే బాగా రాసింది.

సమస్య: మీ బొమ్మని అడక్కుండా మార్చేశారు

యానిమేషన్ వాళ్ళ సార్ కదలికకి మార్కులు వేస్తారు, మీ మేడమ్ రంగుకి వేస్తారు, ఎవరి మార్కుల వైపు వాళ్ళు లాగుతారు. ఐదో రోజు లోపల ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి చూపించండి, విడివిడిగా చూపిస్తే ఇద్దరూ రెండు దారులు చెప్తారు. ఎవరు ఏం చేశారో పేర్లు మొదటి రోజే రాసుకోండి. మార్చాల్సి వస్తే మార్చకముందు ఒక ఫోన్ కాల్, ఇది అందరూ ఒప్పుకోవాల. ఫిల్మ్ చివర పేర్లు వేసేటప్పుడు పెయింటింగ్ వాళ్ళని థాంక్స్ కింద పడేస్తే ఒప్పుకోకండి, మనం సాయం చేయడానికి రాలేదు, ఆ పనిలో భాగం.

సమస్య: చివరి రోజు ఫైల్ ఎక్కదు, కనపడదు

వాట్సాప్‌లో ఫోటోలాగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా పోతుంది. ఫైల్ పేరులో ఫైనల్ అని పెట్టకండి, తేదీ పెట్టండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ కాపీ కాదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి, ముందు అందులో ఉన్నవి వేరేచోట దాచుకుని.

ముందు రోజే ఆ హాల్లో, ఆ ప్రొజెక్టర్ మీదే వేసి చూడండి. మేం చూసినప్పుడు తెల్లటి చెక్క గరిటె లేత గోడలో కలిసిపోయి పెద్దామె ఉత్త చేతిని రుద్దుతున్నట్టు కనపడింది. ఆ రాత్రి నేను, యానిమేషన్ అబ్బాయి చెరి సగం పంచుకుని గరిటె ఉన్న ప్రతి బొమ్మలో దాని చుట్టూ ముదురు గోధుమ గీత వేశాం. పొద్దున హాల్లో లైట్లు తీసినాక వెనక వరస నించి కూడా గరిటె కనపడింది.