చార్మినార్ వెనక ఆకాశం మురికిగా కనిపిస్తోందా? గ్రెయిన్‌ని నిందించే ముందు ఇది చూడండి

బ్లాక్ అండ్ వైట్‌లో చార్మినార్ తీసి, గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫొటోల్లో కనిపించే సన్నటి గింజల గరుకుదనం) వేసి, "ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడండి" అంటూ చాలామంది నాకు ఫొటోలు పంపుతుంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. గ్రెయిన్ సున్నా చేసి చూశారా? దాదాపు అందరూ లేదనే అంటారు. ఇది రెండు సెకన్ల పని. ఆ పని చేయకుండా గ్రెయిన్ సైజు మార్చి, రఫ్‌నెస్ మార్చి, ప్రీసెట్లు మార్చి, ఒక సాయంత్రమంతా పోగొట్టుకుంటారు.

కాబట్టి ఏ సమస్యకైనా ముందు ఈ రెండూ చేయండి. గ్రెయిన్ స్లైడర్ సున్నాకి తీసుకురండి. ఫొటోని 100 శాతం జూమ్‌లో పెట్టండి. ఫొటో మొత్తం స్క్రీన్‌లో పట్టేలా పెట్టుకుని చూస్తే గ్రెయిన్ అసలు రూపం తెలియదు, ఎందుకంటే అక్కడ మీరు చూస్తున్నది సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు కుదించి చూపిస్తున్న బొమ్మ. 100 శాతంలో, గ్రెయిన్ లేకుండా కూడా ఆ మురికి అలాగే ఉంటే అది గ్రెయిన్ కాదు. గ్రెయిన్‌ని ఎంత సరిచేసినా పోదు.

లక్షణం: ఆకాశంలో మరకలు, మినార్ అంచు వెంబడి తెల్లటి గీత

నా దగ్గరికి వచ్చే వాటిలో ఇదే ఎక్కువ. నేనూ దీనివల్లే బాగా దెబ్బతిన్నాను.

గ్రెయిన్ బొంబాయి రవ్వలా ఉండాలి. గింజ గింజా విడిగా, అంతటా సమంగా. ఈ సమస్య ఉన్న ఫొటోలో ఆకాశం ఉండకట్టిన ఉప్మాలా ఉంటుంది. ఒకచోట నల్లగా, పక్కనే తెల్లగా, కొన్నిచోట్ల చదరపు గడుల్లాగా కూడా కనిపిస్తుంది. మినార్ పైభాగం ఆకాశాన్ని తాకే చోట సన్నటి తెల్లటి అంచు ఒకటి వస్తుంది, ఎవరో కత్తెరతో కత్తిరించి అతికించినట్టు.

కారణం నీలం స్లైడర్.

వర్షాలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లలో హైదరాబాద్ ఆకాశం మంచి నీలంగా ఉంటుంది. గుల్జార్ హౌజ్ వైపు నుంచి పొద్దున్నే తీసిన ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయగానే ఆ ఆకాశం చప్పగా బూడిదరంగులోకి మారిపోతుంది. నల్లటి ఆకాశం, దాని ముందు వెలుగుతున్న మినార్లు కావాలని అందరికీ ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ మిక్స్‌లో (ఏ రంగు ఎంత నల్లగా మారాలో చెప్పే స్లైడర్లు ఇవి) నీలాన్ని మైనస్ 70కో 80కో లాగుతారు. చిన్న స్క్రీన్ మీద అద్భుతంగా ఉంటుంది. దాని మీద గ్రెయిన్ వేస్తారు. మరకలు అక్కడే పుట్టాయి కానీ గ్రెయిన్ కింద సగం దాక్కుంటాయి. తర్వాత ఎప్పుడో కనబడినప్పుడు నేరం గ్రెయిన్ మీద పడుతుంది.

అలా ఎందుకవుతుందో తెలిస్తే మళ్లీ ఆ పొరపాటు జరగదు. మామూలు కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక్కో పిక్సెల్‌కి మిగతా రంగులను కెమెరా చుట్టుపక్కల చూసి అంచనా కడుతుంది. అంటే రంగు సమాచారం వెలుగు సమాచారమంత కచ్చితంగా ఉండదు. జేపెగ్‌లో ఇంకా కష్టం. ఫోన్ ఫొటోల్లో మామూలుగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ దాచుకుంటారు. దాన్ని మళ్లీ గడులుగా కుదించడంతో ఒక్కో రంగు గడి 16 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. రంగు ఫొటోలో ఇది మన కంటికి ఆనదు, ఎందుకంటే మన కన్ను వివరాన్ని వెలుగులోనే ఎక్కువగా పట్టుకుంటుంది. కానీ నీలం స్లైడర్ చేసే పనేంటి? "ఈ పిక్సెల్ ఎంత నీలంగా ఉంటే అంత నల్లగా చెయ్యి" అని చెప్పడం. అప్పటిదాకా రంగులో దాగిన తప్పులన్నీ ఒక్కసారిగా వెలుగులోకి వచ్చేస్తాయి. మినార్ అంచు దగ్గర రంగు కాస్త అలికినట్టు ఉంటుంది కాబట్టి ఆ సన్నటి పట్టీలో ఉన్న ఆకాశం తక్కువ నీలంగా లెక్కకొస్తుంది, నల్లబడదు. ఆ తెల్లటి గీత అదే.

మా మేనమామ కొత్త ఇంటి హాల్లో పెట్టుకుంటానంటే 20×30 అంగుళాల చార్మినార్ ప్రింట్ వేయించాను. విప్పి చూస్తే ఎడమ మినార్ పక్కన అరచేతి వెడల్పున మరకలు. ల్యాబ్ వాళ్ల ప్రింటర్ బాగాలేదనుకుని గొడవపడ్డాను. గ్రెయిన్ 45 నుంచి 20కి తగ్గించి మళ్లీ వేయించాను. ఈసారి మరకలు ఇంకా స్పష్టంగా వచ్చాయి. అప్పుడు ఆ ల్యాబ్‌లో కుర్రాడు ఫైల్ తెరిచి, జూమ్ చేసి, "సార్, ప్రింటర్ కాదు, ఫైల్లోనే ఉంది" అని చూపించాడు. అన్నాళ్లూ గ్రెయిన్ ఆ మరకలను కప్పి ఉంచింది. నేను ఆ ముసుగు తీసేశాను, అంతే. రెండు ప్రింట్ల డబ్బులు పోయాయి, ఇంటికెళ్లి నీలం స్లైడర్ సున్నా చేయగానే ఆకాశం కడిగినట్టు వచ్చేసింది.

సరిచేసే పద్ధతి ఇదీ. గ్రెయిన్ సున్నా, మిక్స్‌లో అన్ని రంగులూ సున్నా. 100 శాతంలో మినార్ కొన దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు నీలాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ అంచునే చూస్తూ ఉండండి. తెల్లగీత మొదలైన చోట ఆగి, కాస్త వెనక్కి రండి. రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచిన అసలు ఫైల్) అయితే నాకు సాధారణంగా మైనస్ 30 దగ్గర ఆగుతుంది. పక్కనున్న ఆక్వా (నీలి ఆకుపచ్చ) స్లైడర్‌ని కూడా దాదాపు అంతే కదపండి. ఆ రెండింటి మధ్య తేడా పెరిగితే ఆకాశంలో పట్టీలు పడతాయి. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో రా ఫైల్‌కి కలర్ నాయిస్ రిడక్షన్ (అడ్డదిడ్డంగా వచ్చే రంగు చుక్కలను తగ్గించే స్లైడర్) మామూలుగా 25 ఉంటుంది. ఈ ఫొటోలకు 40 దాకా పెంచండి. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు నాయిస్‌తో పనేముంది అనుకుంటారు చాలామంది, పని ఉన్నది అక్కడే.

ఇంకా నలుపు కావాలంటే ఆకాశాన్ని మాస్క్ చేసి (అంటే ఆకాశం ఒక్కదాన్నే ఎంచుకుని) ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మచ్చా, మచ్చ చుట్టూ ఉన్నదీ కలిసి నల్లబడతాయి కాబట్టి తేడా పెరగదు. ఫోన్ జేపెగ్ తప్ప మరేదీ లేకపోతే నీలం స్లైడర్ జోలికే వెళ్లకండి, మాస్క్‌తోనే పని కానివ్వండి. ఇదంతా అయ్యాకే గ్రెయిన్.

లక్షణం: మినార్ మీద నగిషీ మాయమైంది

చార్మినార్‌ని 1591లో గ్రానైట్, డంగుసున్నంతో కట్టారు. మినార్ల మీద పూరేకులు, కమానుల అంచుల పనితనం అంతా సున్నపు గారలో చేసినదే. గ్రెయిన్ సరిగ్గా కుదిరితే ఆ గార గరుకుదనం వేలికి తగిలినట్టు ఉంటుంది. నేను ఈ కట్టడానికి గ్రెయిన్ వాడేదే అందుకు. కానీ గ్రెయిన్ గింజ పూరేకు కన్నా పెద్దదైతే పూరేకు ఉండదు.

చూడాల్సిన చోటు ఒకటే. ఫొటోలో మీకు ముఖ్యమైన అతి చిన్న వివరం ఏదో ఎంచుకోండి. నేను 1889లో పెట్టిన గడియారం ముల్లుని చూస్తాను. గ్రెయిన్ వేశాక కూడా ఆ ముల్లు గీతలాగే ఉండాలి, చుక్కల వరసలా కాకూడదు. చుక్కలైతే గ్రెయిన్ అమౌంట్ (మోతాదు) కాదు, గింజ సైజు తగ్గించండి. లాడ్ బజార్ వైపు నుంచి దూరంగా తీసి, కట్టడం ఫ్రేమ్‌లో చిన్నదిగా ఉన్నప్పుడు ఇది తప్పకుండా వస్తుంది.

లక్షణం: తెల్లటి ఆకాశంలో గ్రెయిన్ లేదు, కట్టడం మీద మాత్రం ఉంది

జూలై మబ్బుల కింద తీసిన ఫొటోల్లో ఇది మామూలే. ఆకాశం పూర్తి తెలుపైపోయింది. సున్నా పూర్తి నలుపైతే 255 పూర్తి తెలుపు, ఆ 255 దగ్గర ఉన్న తెలుపు మీద గ్రెయిన్ పడటానికి చోటు లేదు. కర్వ్‌లో (వెలుగునీ నీడనీ సరిచేసే గీత) తెల్ల కొసని 240కి దించండి. కమాను లోపలి నలుపు కూడా పూర్తిగా మూసుకుపోతే ఆ కొసని 12 దాకా ఎత్తండి. ఫిల్మ్‌లో గ్రెయిన్ మధ్యస్థ బూడిద రంగుల్లో బాగా కనిపించి, రెండు కొసల్లో సన్నబడుతుంది. గ్రెయిన్ కోసం ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 6400 పెట్టి తీస్తే ఆ రూపం రాదు, ఎందుకంటే సెన్సర్ నాయిస్ నీడల్లో పేరుకుంటుంది. ఐఎస్ఓ 100లో తీసి తర్వాత వేసుకోండి.

లక్షణం: కంప్యూటర్‌లో బాగుంది, పంపాక ముద్దయింది

6000 పిక్సెళ్ల ఫైల్‌కి గ్రెయిన్ వేసి 1080కి కుదిస్తే గింజలన్నీ కలిసిపోతాయి. మిగిలినదాన్ని వాట్సాప్ కంప్రెషన్ నలిపేస్తుంది. ముందు కుదించండి, షార్ప్ చేయండి, చివర్లో ఆ సైజులోనే గ్రెయిన్ వేయండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింట్‌కి వేరే ఫైల్ ఉంచుకోండి. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు కరెక్షన్ వద్దని నోటితో చెప్పండి, లేకపోతే ఆటో షార్పెనింగ్ గ్రెయిన్‌ని ముళ్లలా చేస్తుంది.

ఫిల్మ్ మీద తీసేవాళ్లకి

ఆకాశం నల్లబడటానికి లెన్స్ మీదే నారింజ ఫిల్టర్ పెట్టుకునే సౌకర్యం మీకుంది. దానికి దాదాపు రెండు స్టాప్‌లు, ముదురు ఎరుపుకి మూడు స్టాప్‌లు ఎక్కువ ఇవ్వాలి. చేతి మీటర్‌తో (వెలుగు కొలిచే విడి పరికరం) కొలిచి అది కలపడం మరచిపోతే నెగెటివ్ పల్చగా వస్తుంది. స్కానర్ దాన్ని లాగి లాగి నీడలన్నీ గరుకుగా చేస్తుంది. స్కాన్‌లో కమాను లోపల బూడిద మాత్రమే ఉంటే కారణం ఇదే. దానికి మళ్లీ తీయడం ఒక్కటే దారి.

వెండి ఫిల్మ్‌ని (బొమ్మ వెండి రేణువులతో ఏర్పడే మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్) స్కాన్ చేసేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే ఆప్షన్ ఆపేయండి. వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది, స్కానర్ నగిషీని కూడా దుమ్మనుకుంటుంది.

గ్రెయిన్ పగుళ్లబారిన నేలలా కనిపిస్తే డెవలపర్‌కీ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం) కడిగే నీళ్లకీ మధ్య వేడి తేడా కారణం కావచ్చు. ఇప్పటి ఫిల్మ్‌లలో ఇది అరుదు. అయినా మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా వాడకండి. ముందు రాత్రే బకెట్లో పట్టి ఉంచుకుని, ఐసు గడ్డలు వేసి 20 డిగ్రీలకి తెచ్చి, అన్ని ద్రావణాలనూ అందులోనే నిలబెట్టండి.